రెఫూహియో నేర్పిన ఊపిరి

రెఫూహియో వైద్యవిద్య చివరి ఏడాది విద్యార్థిని. మెక్సికోలోని పుయెబ్లాలో, మా పేట ఆసుపత్రి అత్యవసర విభాగంలో శిక్షణ. ఆమె కళ్ళకింద నలుపు గీకితే పేటలోని పెళ్ళికూతుళ్ళందరికీ కాటుక సరిపోతుంది. గోడకు ఆనుకుని గుర్రంలా నిలబడే నిద్రపోతుంది. పిలిస్తే కళ్ళు తెరవకముందే “వస్తున్నా డాక్టర్” అంటుంది. జేబులో దూది పక్కనే సగం కొరికిన తమాలె రొట్టె ఉంటుంది. శ్వాసయంత్రాలు చాలవు గనుక, ఊపిరాడని రోగి గొంతులో గొట్టం వేసి, దానికి తగిలించిన రబ్బరు తిత్తిని చేత్తో నొక్కుతూ కూర్చోవడం విద్యార్థుల వంతు. మొన్న మధ్యాహ్నం, ఇటుకబట్టీలో పనిచేసే దోన్ ఎలీహియోకి ఆమె అలా ఊపిరి పోస్తుంటే పై డాక్టరు ఓల్వెరా వచ్చాడు.

“ఏమే పిల్లా, మా తిండికి టాకోలు వాటంతటవే నడిచొస్తాయా?”

“నేను లేస్తే ఈయన పోతాడు, డాక్టర్.”

“పెళ్ళాం ఉందిగా, నేర్పు. లేకపోతే ఆదివారం కూడా శిక్ష డ్యూటీయే.”

రెఫూహియో, మంచం పక్కనే ఉన్న ఆయన ముసలి భార్య చేతులు పట్టుకుని తిత్తిమీద పెట్టింది. “మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా ఒకసారి నొక్కండమ్మా. అంతే.”

టాకోల బండి దగ్గర జనం విరగబడి ఉన్నారు. పొట్లాలతో తిరిగొచ్చేసరికి ముసలామె నొక్కుతూనే ఉంది. గొట్టం ఎప్పుడు జారిందో, గాలంతా ఆయన చెంపమీదికి పోతోంది. రెఫూహియో ఆయన మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. నాడి ఆడడం లేదు, ఒళ్ళు చల్లబడిపోయింది.

“సరిగ్గానే చేస్తున్నానా, డాక్టరమ్మా?”

వెనకనుంచి ఓల్వెరా, మిరపపచ్చడి ఏదని అడుగుతున్నాడు.

“సరిగ్గానే చేస్తున్నారమ్మా,” అంది రెఫూహియో. ఇంకాసేపు ఆమెను నొక్కనిచ్చింది.