నేను చుట్టని అతుకు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అయినా ఈ ఒక్క సంగతి దాచుకోలేను.

అరవైల చివర ఆబిడ్స్‌లో ఒక రేడియో దుకాణంలో పనిచేసేవాణ్ణి. నాంపల్లిలోని మా దేవిడీ అప్పటికే చేయి దాటి ఏదో ఆఫీసు అయింది. వాళ్ళ వైర్‌లెస్ సెట్టుకు మిద్దె మీద యాంటెనా బిగించే పని నాకే పడింది. అది మా ఇల్లని దుకాణంలో చెప్పలేదు.

ఆ మిద్దె మీదే మా నాన్నగారు తన రేడియోకు ఏరియల్ కట్టుకునేవారు. తీగ అతికిన చోట మైనంలో ముంచిన గుడ్డ పేలికను కిందినుంచి పైకి చుట్టేవారు, పెంకులు కప్పినట్టు. "నీళ్ళు జారిపోవాలె బిడ్డా, లోపలికి పోవద్దు" అనేవారు. ఆయనది ఎడమచేతి వాటం. చుట్లు కూడా అటే తిరిగేవి.

నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను. యాంటెనా నుంచి సెట్టుకు దిగే కోయాక్సియల్ కేబుల్ అతుకు మీద నల్లటేపు పైనుంచి కిందికి నాలుగు చుట్లు చుట్టి దిగిపోయాను. తప్పని తెలుసు.

రెండు వానాకాలాలు గడిచాక సెట్టు మూగబోయింది.

"జాగీర్దార్ సాబ్, పైన అతుకు మీరేసిందే గదా? గా అతుకు పాడైతే రేపటి సంది దుకాణం మొకం జూడకుండ్రి" అన్నాడు దుకాణం యజమాని సేఠ్, అందరి ముందూ. పనిమంతుడన్న పేరు తప్ప నాకప్పుడు ఏమీ మిగల్లేదు.

మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కాను. పిట్టగోడకు రాసుకుని కేబుల్ తొడుగు ఒకచోట చిరిగింది. అక్కడినుంచి కిందికి మూరెడు మూరెడు కోసి చూశాను. లోపలి రాగి అల్లిక పచ్చగా చిలుమెక్కి వేళ్ళ మధ్య పొడి అయింది. ఇక నేను చుట్టిన అతుకు ఇంతకన్నా పాడై ఉంటుందనుకుంటూ దాని దగ్గరికి వెళ్ళాను.

అతుకు మీద నల్లటేపు లేదు. మైనపు గుడ్డ ఉంది. కిందినుంచి పైకి, ఎడమ తిరుగుడు. విప్పితే రాగి తోమిన చెంబులా మెరిసింది.

వాచ్‌మన్ యాదగిరి మా కాలం నుంచీ అక్కడే ఉన్న మనిషి. పైకి ఎవరొచ్చారని అడిగాను.

"ఎవలొస్తరు చిన్నదొరా? తాళంచెవి నా మొలకే ఉంటది. మీరు బిగించి పోయినంక గిదే మొదటిసారి తెరుసుడు. పావురాలే కిరాయి కట్టకుండ ఉంటున్నయ్."

నాన్నగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. నాది కుడిచేతి వాటం.

కోసిన ముక్కలన్నీ, అతుకుతో సహా, తీసుకెళ్ళి సేఠ్ ముందు పెట్టాను. అతుకు తిప్పి తిప్పి చూశాడు. "పనంటే గిట్లుండాలె" అన్నాడు.

ఇంకొకరి పనికి నేనెన్నడూ పేరు తీసుకోలేదు. ఆ రోజు తలవంచుకుని తీసుకున్నాను. అది ఎవరి పనో ఇప్పటికీ చెప్పలేను.