సన్న మర, ముతక మర

మధ్యాహ్నపు ఎండ వెంటిలేటరులోంచి వాలి, గోడ నిండా ఉన్న రేకు సొరుగుల మీద మెల్లగా పాకే వేళకు గోరు తాతకు కళ్లు మూతలు పడేవి. సొరుగుల్లోని బోల్టులు, నట్లు, వాషర్లు కూడా తనతోపాటే కునుకు తీస్తున్నట్టుండేది. నలభై ఏళ్లుగా అదే కొట్టు, అదే బల్ల, అదే నూనె వాసన.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏ బోల్టు చేతికిచ్చినా కళ్లజోడు వెతుక్కునేవాడు కాదు. దాని మర మీద బొటనవేలి గోరు ఒక్కసారి నిలువునా గీసి, "ఎనిమిది మిల్లీమీటర్లు, ముతక మర" అనేసేవాడు. గోరు ఆ వరసల మీద టకటకా దూకే తీరే ఆయనకు కొలబద్ద. ఒకే లావు బోల్టుల్లోనూ మర రెండు రకాలుంటుంది. చుట్లు దగ్గరగా ఉంటే సన్నది, ఎడంగా ఉంటే ముతకది. పైకి చూస్తే రెండూ కవలలే. కానీ ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కదు. ఎక్కినట్టు నటిస్తుంది, అంతే.

ఏడాదిగా ఆ బొటనవేలు మొద్దుబారుతోంది. మర మీద గీస్తే దూది మీద గీసినట్టుంటోంది. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్యకు తెలుసేమోనని మాత్రం అనుమానం.

ఒక రోజు పొద్దున్న ఒక అమ్మాయి వచ్చింది. చేతుల నిండా రంపపు పొట్టు, భుజం మీద పసిపిల్ల పాలు కక్కిన మరక.

"ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు ఆరు కావాలి తాతగారూ. నట్లతో సహా."

"దేనికమ్మా?"

ఆమె నవ్వింది. "నాలుగు కొట్లు తిరిగాను. ఒకాయన ఏదైనా ఒకటేనన్నాడు. ఇంకొకాయన వంద తీసుకుంటేనే ఇస్తానన్నాడు. దేనికని అడిగింది మీరొక్కరే."

"దేనికో అడగనివాడు అమ్మేది నట్లు కాదమ్మా, ఇనుము."

"మా పాపకు ఊయల. సెలవు రోజుల్లో సరదాగా చెక్కపని చేస్తుంటాను. మా కింద దర్జీ కొట్టుంది. ఆ మిషను చప్పుడు వింటున్నంతసేపూ పడుకుంటుంది, ఆగితే లేచి ఏడుస్తుంది. ఊపితేనైనా పడుకుంటుందేమోనని."

తాత సొరుగు లాగి, ఒక్కో నట్టు లోపలి అంచుకు గోరు తాకించి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఇక వేరే కొట్టు మెట్లెక్కను" అని ఆమె వెళ్లిపోయింది. ఆ మాట ఆయన చెవుల్లో తేనెలా చాలాసేపు నిలిచింది.

భోజనమయ్యాక ఎప్పటిలాగే కునుకు పట్టింది. కలలో ఎక్కడా ఆకాశం లేదు, నేల లేదు. ఒక ఊయల మాత్రం తనంత తానే ఊగుతోంది.

"ఏమండీ, ఈ నట్టుకేం రోగం? రెండు చుట్లు తిరిగి మొరాయిస్తోంది."

కళ్లు తెరిచాడు. భోజనం తెచ్చిన భార్య పొద్దుపోక అదే సొరుగులోంచి నట్లు తీసి ఒక బోల్టుకు ఎక్కిస్తోంది. ఆయన అందుకుని తిప్పాడు. ఆగిపోయింది. ఇంకోటి తీశాడు, గిర్రున చివరిదాకా పోయింది. మూడోది మళ్లీ ఆగింది. పోయిన వారం కొత్త వ్యాపారి పంపిన సంచిలో సన్నవీ ముతకవీ కలిసిపోయి వచ్చాయి.

"సొరుగులో పోసేముందు గోరు గీసి చూశానే" అన్నాడు.

ఆవిడ ఆయన బొటనవేలు పట్టుకుంది. "ఆ గోరు ఉద్యోగం మానేసి ఏడాదయింది. మీరే ఇంకా డ్యూటీకి పంపుతున్నారు."

ఆయన చప్పున లేచి నిలబడ్డాడు. "ఆ అమ్మాయి ఊయల."

"ఎవరా అమ్మాయి? ఇల్లెక్కడ?"

"తెలీదు. కింద దర్జీ, పైన కాపురం."

"ఊళ్లో దర్జీలు కరువా?"

"వింటూ వెళ్తాను."

"వెళ్లండి. వేళ్లు పోతే పోయాయి, చెవులున్నాయిగా" అంటూ ఆవిడే బోల్టులకు నట్లు ఎక్కించి చూసి మరీ ఆయన జేబులో పోసింది.

ఎండకు వీధులు కూడా కునుకుతున్నాయి. మూసిన తలుపుల వెనక ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరో కుళాయి విప్పి మరిచిపోయారు. జేబులో బోల్టులు అడుగడుక్కీ గలగలమంటుంటే, ఆయన తల ఒకవైపు వాల్చి నడిచాడు. మొదటి దర్జీ కొట్టు పైన గోదాము. రెండో దాని పైన పావురాలు పెంచే ముసలాయన, "ఊయలా? నాకెందుకు నాయనా" అని నవ్వాడు. ఒక సందు ఇంకో సందులోకి, అది మరో దాంట్లోకి మర చుట్లలా తిరుగుతూ పోతుంటే, తనే ఏదో పెద్ద నట్టులోకి ఎక్కుతున్నట్టనిపించింది ఆయనకు.

మూడో కొట్టులో మిషను సన్నగా ఆడుతోంది. దర్జీ దారం మార్చడానికి దాన్ని ఆపాడు. మరుక్షణం పైనుంచి పసిపిల్ల ఏడుపు.

తాత మెట్లెక్కేసరికి, కిటికీ వెలుగులో కొత్త ఊయల నిలబడి ఉంది. అమ్మాయి పాపను ఎత్తుకుని అందులోకి వంగుతోంది.

"ఆగమ్మా. పాపను వెయ్యకు."

రొప్పు తగ్గాక అడిగాడు. "నట్లు ఎలా ఎక్కాయి?"

"నాలుగు నట్లు వేళ్లతో తిప్పితేనే పోయాయి. రెండు మాత్రం గట్టిగా ఉన్నాయి. గట్టివే మంచివనుకుని స్పానరుతో బిగించాను. తొట్టి వేలాడే చోట అవే వేశాను."

తాత నేల మీద కూర్చుండిపోయాడు. "సరైన నట్టు వేళ్లతోనే చివరిదాకా పోతుంది తల్లీ. మధ్యలో మొండికేస్తే అది బలం కాదు. లోపల మర తెగుతోందన్నమాట. తప్పు నాది. ఈ గోటికి ఏడాదిగా ఏమీ తెలియడం లేదు. తెలుస్తున్నట్టు నటిస్తున్నాను."

ఆ మాట పైకి అనడం ఆయనకు అదే మొదటిసారి.

ఆమె పాపను ఆయన ఒళ్లో పెట్టి, ఆ రెండు నట్లూ విప్పింది. సన్నటి ఇనప రజను ఆమె అరచేతిలో రాలి మెరిసింది. తాత జేబులోంచి కొత్త బోల్టులు, నట్లు తీసి ఇచ్చాడు.

"మీరే వెయ్యండి తాతగారూ."

"వద్దు. నా వేళ్లను నేనే నమ్మను. నీ వేళ్లతో చూసుకో."

ఆమె కొసన పట్టించి వేలితో ఒక్క తోపు తోసింది. నట్టు చప్పుడు లేకుండా తిరుగుతూ వెళ్లి చెక్కను తాకింది. రెండోదీ అంతే. అప్పుడే స్పానరు పట్టింది. అయినా ఆమెకు ధైర్యం చాలలేదు. "పాప బరువుకు మూడింతలు పెట్టి చూద్దాం" అంటూ తొట్టిలో నిండు బకెట్టు పెట్టి, మెల్లగా ఊపింది.

కింద మిషను మళ్లీ మొదలైంది. బకెట్టులోని నీళ్లు కిటికీ ఎండను పట్టి కప్పు మీదికి విసిరాయి. వెలుగు చుట్లు చుట్లుగా అటూ ఇటూ పాకుతుంటే, పాప ఆయన ఒళ్లోంచి నోరు తెరుచుకుని దాన్నే చూసింది. అలా ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. ఊయల కిర్రుమనలేదు. పాప నిద్రపోయింది. తాత కూడా ఒక కునుకు తీసి లేచాడు.

"అల్మరా కూడా చేద్దామనుకుంటున్నాను" అంది అమ్మాయి బకెట్టు దింపుతూ. "సోమవారం కొట్టు తెరుస్తారా?"

ఆయన తన బొటనవేలి గోరు వైపు చూసుకున్నాడు.

సోమవారం ఆమె వెళ్లేసరికి, బల్ల అంచున సైజుకొకటి చొప్పున బోల్టులు మొనలు పైకి పెట్టి వరసగా పాతి ఉన్నాయి. తాత సొరుగులోంచి నట్లు తీసి ఆమె ముందు పోశాడు. గోరు గీయలేదు.

"తిప్పి చూసుకో అమ్మా" అన్నాడు.