మాయ పడేదాకా

ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. మిషను బళ్ళో నాలుగో తరగతితో నన్ను మానిపించేశారు. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

తెల్లదొరలు వెళ్ళిపోవడానికి ఇంకా పదేళ్ళ పైన ఉందనగా వట్లూరికి కాపురానికి వచ్చాను. మాది కొల్లేటి లంక. చేపలూ బాతులూ తప్ప మేకల సంగతి తెలియదు. మా అత్తగారికి ఒక నల్లమేక ఉండేది. ఇంట్లోకీ, చుట్టుపక్కల పసిపిల్లలకీ దాని పాలే. కిందటి ఈతలో పుట్టిన రెండు పిల్లలూ మర్నాటికే చచ్చిపోయాయి. ఈసారి ఒక్కటన్నా దక్కాలని ఆవిడ రోజూ ప్రార్థనలో మేకని కూడా కలిపేది. మా మామగారు కళ్ళు మూసుకునే నవ్వేవారు.

పగలు ఆవిడ ఏలూరులో తివాచీల మగ్గాల దగ్గర ఉన్ని వడకడానికి వెళ్ళేది. ఒకరోజు బయల్దేరుతూ పొదుగు తడిమి, ఇవాళే ఈనేలా ఉందంది. పిల్లల ముక్కూ మూతీ గుడ్డతో తుడవాలనీ, బొడ్డుకి పసుపు అద్దాలనీ అన్నీ చెప్పింది. అరుగు దిగి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"మాయ పడేదాకా పిల్లల్ని పొదుగు దగ్గరికి పోనీకు. తాగాయంటే పారుకుని చస్తాయి."

అలాగేనండీ అన్నాను. మాయంటే ఏమిటో తెలియదు. మా ఇంట్లో ఎవరికైనా పురుడొస్తే ఆడపిల్లల్ని దూరంగా తరిమేసేవారు. కొత్త కోడల్ని, అడిగితే నవ్వుతారని సిగ్గు. చాలాసేపు ఆలోచించి, సాయంత్రం మసక పడటాన్ని ఈ ఊళ్ళో మాయ పడటం అంటారు కాబోలని తేల్చుకున్నాను.

ఎండ నడినెత్తికి రాకముందే మేక రెండు పిల్లల్ని ఈనింది. పెద్దది తుడుస్తుండగానే లేచి నిలబడింది. చిన్నది లేవలేదు. గోనెపట్టాతో రుద్దాను, పసుపు అద్దాను, పొయ్యి పక్కన పడుకోబెట్టాను. కాసేపటికి దాని నోట్లో వేలు పెడితే నోరు చల్లగా తగిలింది. మసక పడటానికి ఇంకా పూటంతా ఉంది. వాకిట్లోకెళ్ళి ఎండ చూడటం, వచ్చి వేలు పెట్టి చూడటం, ఇదే పని. మూడోసారి పెట్టినప్పుడు అది వేలిని చప్పరించింది. చాలా కొంచెం.

ఇంక ఆగలేక దాన్ని మేక దగ్గరికి ఎత్తుకెళ్ళాను. చన్ను పిండితే ముందు మైనంలాంటి ముక్క వచ్చింది, తర్వాత పసుపుపచ్చటి చిక్కటి పాలు. దాని నోటికి అందించి నాలుగు చుక్కలు పిండాను. మింగింది. ఇంకో నాలుగు. కొంతసేపటికి తనే పట్టుకుని తాగింది. పెద్దది ఊరుకుంటుందా, అవతలి చన్ను పట్టేసింది.

ఇంకా ఎండ ఉండగానే అత్తగారు వచ్చేసింది. గుమ్మంలోంచే అడిగింది.

"మాయ పడిందా?"

"ఇంకా లేదండీ. ఎండుంది కదండీ."

ఆవిడ నన్ను చూసింది, ఆకాశం చూసింది. మేక వెనక వేలాడుతున్న సంచిలాంటిది చూపించి, "అది పడాలే పిచ్చి మొహమా. ఎండేంటి, నీ మొహం," అని అరుగు మీద కూలబడి నవ్వింది. అంతలో పిల్లల మూతులకి అంటిన పాలు కనపడ్డాయి. నవ్వు ఆగిపోయింది.

"తాగించావా?"

"చిన్నది చచ్చిపోతుందనిపించిందండీ."

ఆవిడ తిట్టలేదు. తిడితేనే బాగుండేది. ఇవి కూడా పోయినట్టే అని మెల్లగా అని లోపలికెళ్ళిపోయింది. పిల్లలు మళ్ళీ పొదుగు కుడుస్తుండగానే ఆ మాయ కాస్తా ఊడి కింద పడింది. తీసి దిబ్బలో పూడ్చాను.

తెల్లారి లేచేసరికి చిన్నది తారులాంటి నల్లటి పెంట వేసి ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను. అత్తగారు వచ్చి, పుల్లతో కదిపి, తోక ఎత్తి చూసి, పారుకోవడం కాదులే, కడుపు శుభ్రమైంది అంది. అది ఆవిడ చేతుల్లోంచి ఎగిరి, పెద్దదాని మీద పడి, రెండూ కలిసి నీళ్ళ కుండ దొర్లించాయి. కుండకి మాత్రం నన్ను బాగా తిట్టింది.

మరుసటి ఈతకి ఆవిడ ఇంట్లోనే ఉంది. నేను ముక్కు తుడవడం కూడా కానివ్వకుండా పిల్లల్ని చన్నుకి పట్టించేసింది. మాయ పడనీ వదినా అని పక్కింటావిడ గోల పెట్టింది.

"నీకు తెలియదులే వదినా. మా ఇంట్లో మొదట్నించీ ఇంతే," అంది మా అత్తగారు.

నేను ఇంకో పిల్ల బొడ్డుకి పసుపు అద్దుతూ తల ఎత్తలేదు.