కుక్క బొంతకు మంచినీళ్లు

ఆ వారమంతా నేను ముక్కుతోనే బతికాను. లేస్తూనే కుక్క బొంత మీద వంగి వాసన చూడటం, జాకెట్టుకు హుక్కులు కుడుతూ కుడుతూ మధ్యలో లేచి వెళ్లి మళ్లీ చూడటం. లేదనిపించేది. రెండడుగులు వెనక్కి వేస్తే ఉందనిపించేది. మా ఆయన లారీ మీద పోయి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఇంట్లో ఉంటే నాకు పిచ్చి పట్టిందని మా నాయనకు ఫోన్ చేసి ఉండేవాడు.

దీనికంతా మూలం ఇంటి ఓనరక్క. బత్తలపల్లిలో మేము అద్దెకున్నది ఆమె ఇంటి కింది భాగంలో. పైన ఆమె, మంచం పట్టిన వాళ్ల అత్త ఉంటారు. పైకి మెట్లు మా గుమ్మం పక్కనుంచే పోతాయి. ఆమె ఆ రోజు మెట్ల మీద నిలబడి, లోపలికి రాకుండానే మాట్లాడింది.

"ఏమ్మే, మెట్లంతా వాసనొస్తాండాది. నీ కుక్కదే. ఆదివారం మా ఇంట్లో ప్రార్థన ఉండాది, సంఘమోళ్లంతా వస్తారు. ఆపాటికి వాసనన్నా పోవల్ల, కుక్కన్నా పోవల్ల."

"కుక్క పోతే నేనూ పోవల్ల కదక్కా" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "నీ ఇష్టం" అని పైకి వెళ్లిపోయింది. ఆమె ఉత్తమాట అనే మనిషి కాదు.

ఆ కుక్క మా నాయనది. కంబదూరు దగ్గర మా వాళ్లకు గొర్రెలున్నాయి. ఇది మంద వెంట పోతే నాయన చెట్టు కింద నిశ్చింతగా పడుకునేవాడు. ముసలిదయ్యాక పళ్లూడాయి, చూపు మందగించింది. మందలోకి కొత్త కుక్కలొచ్చి దీన్ని కరిచి కరిచి చెవి సగం తెంపాయి. అప్పుడు నాయన దాన్ని గోనెసంచిలో కూర్చోబెట్టుకొని ఎవరిదో ఆటోలో తెచ్చి మా ఇంట్లో దించాడు. అప్పటినుంచి నా కుట్టుమిషన్ కింద పడుకుంటుంది. నేను తొక్కుడు మొదలుపెడితే నిద్రపోతుంది, ఆపితే తలెత్తి చూస్తుంది. ఈమధ్య నిద్రలోనే పోసుకుంటోంది. తనకే తెలియదు పాపం. లేచి, తడిసిన బొంతను చూసి, ఎవరో చేసిన పనిలాగా పక్కకు జరిగి నిలబడుతుంది.

నాయనకు ఫోన్ చేశాను.

"ఈడికి తోలుకొస్తే ఆ కొత్తవి దీన్ని బతకనీవు మ్మా" అన్నాడు. "ఓనరమ్మకు నేను చెప్పల్లా?" అని అడిగాడు.

"నువ్వేం చెప్తావు నాయనా, గొర్రెల వాసన కంటే ఇదే మేలంటావా?" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. వీధిలోకి వదిలితే ధర్మవరం రోడ్డు మా సందు చివరే. చూపు లేని కుక్క ఆ రోడ్డు మీద ఒక పూట కూడా బతకదు.

అందుకని వాసన మీద పడ్డాను. బొంత నేను కుట్టిందే. జాకెట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ ఒక పాత చీరలో కూరి, నాలుగు పక్కలా కుట్టాను. కుంకుడుకాయలు కొట్టి ఆ రసంలో నానబెట్టాను. వంటసోడా చల్లాను. వేపాకు కాచి పోశాను. నిమ్మచెక్కలు పెట్టి రుద్దితే చేతులు మండాయి గాని వాసన కదల్లేదు. ఆఖరికి ఫినాయిలు పోశాను. దాంతో వాసన పోకపోగా, ఆ ఘాటు మీద మరింత పోసుకోవాలని తోచిందేమో, ముసలిది లేస్తూనే నేరుగా దాని మధ్యలోకి వెళ్లి పని కానిచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ కోసమే కదే చస్తాండాను!" అని అరిచాను. అది తోకాడించింది.

ఎండలో ఆరేసినప్పుడు బాగానే ఉండేది. మా ఎండ సామాన్యమైంది కాదు, మిరపకాయలు పూటలో గలగలమంటాయి. బొంత కూడా పైకి అట్టలాగా ఎండిపోయేది. తెచ్చి పరిచి, దాని మీద ముసలిది కాసేపు పడుకొని ఒంటి వెచ్చదనం తగిలిందంటే చాలు, వాసన మళ్లీ లేచేది. ఎక్కడ దాక్కుని వస్తోందో అర్థం కాక తల ప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం బొంత ముంచబోతూ ఆగాను. బకెట్టులో నీళ్లు బొంత పడకముందే బూడిద రంగులో ఉన్నాయి.

మా ఇంట్లో నీళ్లకు వరసలున్నాయి. కొళాయి నీళ్లు, అంటే మంచినీళ్లు, ఎప్పుడో ఒకనాడు వస్తాయి. అవి డ్రమ్ములో పట్టి మూతపెట్టి, తాగడానికి, వండటానికి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, అవి మిగతా పనులకు. అందులోనూ ఏ నీళ్లూ నాలుగు పనులు చేయకుండా మోరీలోకి పోకూడదు. బియ్యం కడిగినవి గిన్నెలకు, మంచి బట్టలు జాడించినవి మసిగుడ్డలకు, ఆ మిగిలినవి గచ్చుకు. ఇది మా అమ్మ నేర్పిందని కూడా చెప్పలేను, ఎవరూ నేర్పలేదు, అట్లా చేస్తూనే పెరిగాం. ఆ వరసలో అన్నిటికంటే చివర కుక్క బొంత. మా బట్టల మురికి, సబ్బు, బోరు ఉప్పు అన్నీ కలిసిన నీళ్లలో దాన్ని ఉతికి, అవే నీళ్లలో జాడించి, శుభ్రం చేశానని అనుకుంటున్నాను. కుట్టిన రోజునుంచి ఆ బొంత ఒక్కసారి కూడా కొత్త నీళ్లు చూడలేదు.

బ్లేడు తీసుకొని ఒక పక్క కుట్టు విప్పాను. లోపలి ముక్కలు ఉండలు ఉండలుగా గట్టిపడి, పైన తెల్లగా పొరకట్టి, మధ్యలో ఇంకా చెమ్మగానే ఉన్నాయి. ఆ వాసన ముఖానికి కొట్టింది. బొంత పైన ఎండుతోంది, లోపల ఎన్నడూ ఎండలేదు.

ఏం చేయాలో తెలిసింది. చేయడానికే భయమేసింది. డ్రమ్ములో ఉన్నవి తాగే నీళ్లు. కొళాయి మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. మా ఊళ్లో కుక్క పోసుకుంటే మనిషి ముక్కు మూసుకొని ఊరుకుంటాడు గాని, కుక్క బొంతకు మంచినీళ్లు పోశావని తెలిస్తే నాలుగు వీధులు చెప్పుకుంటాయి. బాత్రూము తలుపు గడియ పెట్టుకున్నాను. దొంగసారా కాస్తున్నదానిలాగా కూర్చొని, ముక్కలన్నీ విప్పి, మొదట సబ్బు లేకుండా ఉత్త మంచినీళ్లలో నానబెట్టాను. పసుపు రంగు దిగింది. పారబోశాను. సోడా కలిపి ఇంకోసారి. తర్వాత కొంచెమే సబ్బు. అప్పుడు నురగ చూశాను. ఆ ఇంట్లో చేరాక అంత తెల్లటి నురగ చూడలేదు. జాడించిన నీళ్లు తేటగా వచ్చేదాకా పోశాను. ఆపి లేచేసరికి డ్రమ్ములో చెంబు అడుగుకు తగిలింది.

ముక్కల్ని విడివిడిగా మిద్దె మీద పరిచాను. శనివారం మధ్యాహ్నానికి పెళపెళలాడాయి. ముక్కు పెట్టి చూస్తే ఎండ వాసన, కొత్త గుడ్డ వాసన. మళ్లీ కూరి కుట్టాను. ముసలిదానికి గోరువెచ్చటి బోరు నీళ్లతో ఒళ్లు తుడిచాను. గచ్చు కడిగాను. అమ్మయ్య అనుకొని తలుపు తీసి గుమ్మంలోకొచ్చాను.

మెట్ల మీద వాసన అట్లాగే ఉంది.

లోపలికెళ్లి బొంత చూశాను, లేదు. కుక్కను చూశాను, లేదు. గుమ్మంలో ఉంది. రెండు మెట్లెక్కాను, ఇంకా ఎక్కువగా ఉంది. మిద్దె మీద ఒక ముక్క మరిచానేమో అనుకుంటూ పైదాకా పోయాను. అక్కడ సిమెంటు ట్యాంకు వెనక, వీధికి కనపడని చోట, ఎండ పడని చోట, ఒక తాడు కట్టి ఉంది. దాని మీద పెద్ద బొంత ఆరేసి ఉంది. తాకితే చెమ్మ. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకపోయింది.

అది ఓనరక్క వాళ్ల అత్తది.

అక్కడే కూలబడ్డాను. ఓనరక్క కష్టం నాకు తెలియనిది కాదు. ఆ ముసలమ్మను ఎత్తి దించేది, తుడిచేది, తినిపించేది ఆమె ఒక్కతే. భర్త పని మీద బెంగళూరులో ఉంటాడు. ప్రార్థన అయిపోయాక పాస్టరమ్మ లోపలికొచ్చి రోగి తల మీద చెయ్యి పెడుతుంది. ఆ గదిలో వాసనొస్తే అత్తను సరిగా చూసుకోలేదంటారు. అందుకే ఆ బొంతను నలుగురికీ కనపడకుండా నీడలో ఆరేస్తోంది. నీడలో అదెన్నటికీ ఆరదు. ఆమెకు నిజంగానే కుక్క వాసన అనిపించిందో, అట్లా అనుకుంటే ప్రాణానికి తెరిపిగా ఉండిందో, నేను చెప్పలేను.

కోపం రాలేదని అనను. వచ్చింది. నా డ్రమ్ము ఖాళీ, నా చేతులు పుండ్లు, ఇదంతా ఎవరి బొంత కోసం? కిందికి దిగుతూ మాటలన్నీ కూడబలుక్కున్నాను. చెప్తే సిగ్గుతో ఇల్లు ఖాళీ చేయమంటుంది. చెప్పకపోతే కుక్కను తోలమంటుంది. ఎటు తిరిగినా ముసలిది రోడ్డు మీదే. ఆ సాయంత్రం మిషన్ తొక్కుతుంటే సూది రెండుసార్లు వేలి పక్కన దిగింది.

ఆదివారం సంఘం వాళ్లు వచ్చారు. తెల్లచీరలు, సంచుల్లో బైబిళ్లు. ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటూ మా గుమ్మం ముందునుంచి ఎక్కుతున్నారు. నేను కుక్కను మిషన్ కింద కట్టేసి, కొత్తగా కుట్టిన బొంత దాని కింద వేసి, తలుపు దగ్గర నిలబడ్డాను. పాస్టరమ్మ నాలుగో మెట్టు మీద ఆగింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందమ్మా ఈ వాసన? యాడ నుంచొస్తాండాది?"

పై మెట్టు మీద ఓనరక్క నిలబడి ఉంది. నా వైపు చూసింది. కుక్కదని ఆమె చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. ఆ ముఖంలో ఉన్న భయం నాకు బాగా తెలిసిందే, వారం రోజులుగా అద్దంలో చూస్తున్నాను. నేను ట్యాంకు వెనక్కి వెళ్లానని ఆమెకు తెలిసిపోయింది. ఆరేసిన బొంతను నేను తిరగేసి ఎండకు జరిపి వచ్చాను మరి, చెయ్యి ఊరుకోక.

"మా కుక్కదమ్మా" అన్నాను. "ముసలిదయిపోయినాది. పండుకున్న చోటే పోసుకుంటాది. ఎంత ఉతికినా పోదు. ఏమనుకోవద్దు."

"అయ్యో, మూగజీవం, ఏం చేస్తాది" అంది పాస్టరమ్మ. కొంగు దించి పైకెళ్లింది. ఆమె వెనక అందరూ వెళ్లారు. నేను తలుపు వేసుకొని బొంత పక్కన కూర్చున్నాను. అంత కష్టపడి వాసన పోగొట్టిన బొంత. అది కంపు కొడుతుందని ఊరందరికీ నా నోటితోనే చెప్పాను. ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. పైన పాటలు మొదలయ్యాయి. ఇప్పుడిక ఆమె కుక్కను తోలమన్నా అడ్డం చెప్పడానికి నాకు మాట లేదు, అందరిముందూ ఒప్పుకున్నాను కదా. ఆ భయంతోనే ఆ పూట గడిచింది.

మర్నాడు పొద్దున్నే ఓనరక్క తలుపు కొట్టింది. తెరిచాను. చంకలో దుప్పటిలో చుట్టిన మూట పెట్టుకొని నిలబడి ఉంది. నా వెనక, మూత తీసి బోర్లించిన డ్రమ్ము వైపు చూసింది.

"తాగే నీళ్లు యాడివి నీకు?"

"లేవక్కా."

"పైన ట్యాంకులో ఉండాయి. పైపు వేస్తా" అంది. మూటను నా మిషన్ పక్కన గచ్చు మీద దించి దుప్పటి విప్పింది. వాళ్ల అత్త బొంత.

"దీని కుట్లు గూడా ఇప్పుతావామ్మే?"

నేను బ్లేడు వెతుక్కుంటుంటే ముసలిది లేచింది. ఆ బొంత చుట్టూ తిరిగి, వాసన చూసి, తనదే అనుకుందో ఏమో, దాని మీద ముడుచుకొని పడుకుంది. ఓనరక్క ముఖం చూశాను.

ఆమె దాన్ని అదిలించలేదు. పక్కన కూర్చొని, దాని సగం చెవి మీద చెయ్యి వేసింది.