పదిహేడో మీటరు దగ్గర బల్లి

సర్వేయర్ మామయ్య దేన్నీ ఒక్కసారి కొలిచి ఊరుకునే మనిషి కాదు. టేపు చుట్టేసి అందరూ హమ్మయ్య అనుకునే సమయానికి తల గోక్కుంటూ, "ఎందుకైనా మంచిది, మళ్ళీ కొలుద్దాం" అనేవాడు. ఆఫీసులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన "మళ్ళీ మామయ్య".

ఒకసారి బీరువా కొన్నాడు. కొట్లో దాన్ని నాలుగు వైపులా అయిదుసార్లు కొలిచాడు. ఇంటికి తెచ్చాక అది గుమ్మంలో ఇరుక్కుంది. గుమ్మం ఎందుకు కొలవలేదని అత్తయ్య నిలదీస్తే, సొంత గుమ్మాన్ని అనుమానిస్తామా అన్నాడు. ఆ బీరువా ఇప్పటికీ వరండాలోనే ఉంది.

ఆయన మేనకోడలు అదే ఆఫీసులో పటాలు గీసేది. కొత్త రోడ్డు పటం ఆమెకు అప్పగించారు. ఉద్యోగంలో అదే మొదటి పెద్ద పని. రోడ్డు ఒక రాళ్ళగుట్టను చీల్చుకుంటూ పోవాలి. మామయ్య కొలతలిస్తే గీసెయ్యడమే. ఆయన పదిసార్లు వెళ్ళి పదిసార్లూ వట్టిచేతులతో వచ్చాడు. సోమవారానికి పటం అందకపోతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని ఇంజనీరు తెగేసి చెప్పాడు. ఆమెకు ఒళ్ళు మండి, పదకొండోసారి తనూ వెంట వెళ్ళింది.

గుట్ట మీద టేపు పరిచారో లేదో, సరిగ్గా పదిహేడో మీటరు దగ్గర ఒక నీలం తోక బల్లి వచ్చి ఎండకు పడుకుంది. మామయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తోలెయ్యి మామయ్యా, ఆలస్యమవుతోంది."

"ఎక్కడికి తోలమంటావే? చుట్టూ ఉన్న గుట్టలన్నీ కంకరైపోయాయి. ఈ జాతికి మిగిలిన కొంప ఇదొక్కటే."

బల్లుల మీద పరిశోధన చేసే మేడమ్ ఎన్నో గుట్టలు గాలించి ఆ మాట చెప్పిందట. మామయ్య తన పుస్తకం మేనకోడలి చేతికిచ్చాడు. అందులో ఏ బండ కింద గుడ్లున్నాయో, రోడ్డు ఎంత వంపు తిరిగితే ఒక్క బండా కదలదో, పది రోజుల కొలతలూ ఉన్నాయి. నలభై మీటర్లు చుట్టు తిరిగితే చాలు.

"ఇది ముందే చెప్పొచ్చుగా?"

"ఒక్కసారి కొలిచి చెబితే ఎవరు నమ్ముతారమ్మా?"

ఆమెకు కోపం పోయి నవ్వొచ్చింది. సోమవారం వంపుతోనే పటం గీసి ఇచ్చింది. ఇంజనీరు మొహం చిట్లించి, ఈ కొలతలు సరైనవేనా అని మామయ్యను అడిగాడు. ఆఫీసంతా ఒక్కసారిగా నవ్వింది. ఇంజనీరుకే తన ప్రశ్న వింతగా తోచి, బండలు పేల్చే పనైనా తప్పిందంటూ సంతకం పెట్టేశాడు.

రోడ్డు పడ్డాక ఇద్దరూ గుట్ట చూడటానికి వెళ్ళారు. బండల మీద వేలెడంత లేని నీలం తోకలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

"ఎందుకైనా మంచిది, వంపు మళ్ళీ కొలుద్దామా మామయ్యా?"

"అక్కర్లేదు. సరిగ్గా ఉంది" అన్నాడు మామయ్య, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. నాలుగడుగులు వేసి ఆగాడు. "ఇంటికెళ్ళాక ఆ గుమ్మం మాత్రం ఒకసారి చూద్దాం."