మీసం చూసి ఉరికిన పరుగు

దీపావళికి మనవడు పేల్చే రీలు తుపాకి నుంచి మందు వాసన ఘాటుగా తగలగానే నాకు పండుగ కాదు, సిరిసిల్లలో మా బడి వెనుక మైదానమూ, డ్రిల్లు సార్ మీసమూ గుర్తొస్తాయి.

చలికాలం తెల్లవారుజామున, ఊళ్లో మరమగ్గాల చప్పుడు ఇంకా జోరందుకోకముందే, నడుముకు పాత లుంగీ కట్టి దాని కొసకు ఇసుక సంచి తగిలించి సార్ మమ్మల్ని ఉరికించేవారు; ఒకరోజు ఎత్తు ఎక్కే పరుగు, ఒకరోజు మోకాళ్లు ఛాతీ దాకా లేపడం, ప్రతి పరుగు తర్వాత ఊపిరి కుదుటపడేదాకా విశ్రాంతి, అన్నీ అయ్యాక ఉడికించిన పల్లీలు. విశ్రాంతినీ పల్లీలనూ నేనెన్నడూ ఎగ్గొట్టలేదు. నా సంచిలో మాత్రం ఊక ఉండేది. నేత పనివాళ్ల అబ్బాయి, నా దోస్తు సత్తయ్య, తన సంచిలో తడి ఇసుక నింపుకునేవాడు.

అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, పోలీసులు ఊళ్లన్నీ గాలించే రోజులవి. చీకట్లో సార్ ఈల వినపడితే, ఎవరికి సైగ చేస్తున్నారోనని జీపు వచ్చి ఆగేది. "సార్, గా ఈల బందు వెట్టుండ్రి. మాకు గాబరైతాంది" అని ఓ కానిస్టేబులు చెప్పిపోయాడు. అప్పటినుంచి కాస్త వెలుగొచ్చాక సార్ తువ్వాల జారవిడిస్తేనే మా పరుగు మొదలు. తువ్వాల జారే ముందు సార్ ఎడమ మీసం అదురుతుందని నేను కనిపెట్టాను.

జగిత్యాలలో జరిగే పరుగు పోటీలకు బడి నుంచి ఒక్కరికే చోటు. అక్కడ గెలిస్తే క్రీడల హాస్టల్లో ఉచితంగా చదువు. అది దొరక్కపోతే సత్తయ్య చదువు మాని మగ్గాల మీదికి పోవలసిందే. ఎంపిక రోజున వాడు తువ్వాలను చూసి ఉరికాడు, నేను మీసాన్ని చూసి ఉరికాను. అడుగు తేడాతో చోటు నాదైంది.

జగిత్యాలలో పందెం మొదలుపెట్టేందుకు తుపాకి పట్టుకున్నాయనకు మీసమే లేదు. నేను ఆయన పై పెదవినే వెతుకుతుండగా ఢామ్మంది. మందు వాసన ముక్కుకు తగిలేసరికి నేను నేలను కరుచుకొని ఉన్నాను. తుపాకి చప్పుడైతే బోర్లా పడుకోవాలని మా అమ్మ నేర్పింది మరి. శిక్షణ మొత్తంలో అంత చురుగ్గా నేనెప్పుడూ కదల్లేదు.

నాకు తోడొచ్చి, నా అంగీ, చెప్పులు పట్టుకొని పక్కన నిలబడ్డ సత్తయ్య అరిచాడు: "లేరా! గది ఉరుకుమని పేల్చిండు, సంపెటందుకు కాదు!"

లేచేసరికి పందెం అయిపోయింది. ఆ ఎండాకాలమే సత్తయ్య చదువు మానేశాడు, తర్వాత మహారాష్ట్రలోని భివండి మగ్గాలకు పోయాడు. మీసం సంగతి వాడికి చెప్పడానికి నాకు తల నెరిసేదాకా ధైర్యం చాలలేదు.

"గప్పుడే చెప్తే నేను గూడ మీసమే చూస్తుంటి గదరా, దొంగోడా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు సార్ లేరు. మైదానం నిండా రేకుల షెడ్లు. చీకట్లో ఎవరైనా ఈల వేసుకోవచ్చు, ఉరికేవాళ్లే లేరు. మొన్న పండుగకు సత్తయ్యతో ఫోన్లో మాట్లాడుతుండగా మనవడు నా చెవి పక్కనే రీలు పేల్చాడు. అవతల మగ్గాల చప్పుడులోంచి సత్తయ్య గొంతు వినిపించింది:

"పడ్డవారా?"

"లేదురా. వంగిన."