చప్పుడు చెయ్యని హీటరు

ఆ రోజుల్లో నాకొక రోగం ఉండేది. ఏ వస్తువు కొనాలన్నా ముందు దాని మీద పాండిత్యం సంపాదించాలి, కొన్నాక ఆ పాండిత్యం నలుగురికీ పంచాలి. (కోనసీమ నుంచి ఉద్యోగానికొచ్చి దూలపల్లిలో అద్దెకు దిగినవాణ్ణి. అడక్కుండా సలహా చెప్పడం మా వైపు మర్యాద కిందే లెక్క.) పాప పుట్టిన చలికాలం మా ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. "గది వెచ్చగా ఉండాలండీ, చప్పుడు ఉండకూడదు. చీమ చిటుక్కుమన్నా ఇది లేస్తోంది. పగలు ఒక్క రెండు గంటలైనా పడుకోకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది." ఆవిడ కళ్ల కింద నల్లటి చారలు చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. కడుపు తరుక్కుపోయిన మొగుడు సాయంత్రానికల్లా హీటరు తెస్తాడు. నేను నోటుపుస్తకం తీశాను.

రెండు వారాలు పరిశోధన సాగింది. ఫ్యాన్ హీటరు హోరుమంటుంది, కొట్టేశాను. ఎర్రగా కాలే కాయిల్ హీటరు చప్పుడు చెయ్యదు గానీ గాలి ఎండబెడుతుందట, అదీ కొట్టేశాను. ఈలోగా మా అత్తగారు పెనం మీద గుడ్డలు వెచ్చబెట్టి పాపకి కప్పుతూ, నాతో నేరుగా మాట్లాడరు కనక, నాకు వినబడేలా కూతుర్ని అడిగేవారు. "మీ ఆయన చదువు ఎప్పటికి పూర్తవుతుందే, ఉగాదికా?" ఆ దెబ్బకి పేట్ బషీరాబాద్‌లో హైవే పక్కనున్న దుకాణానికి పరుగెత్తాను. అక్కడ ఫ్యాన్లూ టీవీలూ అన్నీ ఆపించి, నేల మీద బోర్లా పడుకుని ఒక్కో హీటరుకీ చెవి ఆనించాను. దుకాణదారు కాసేపు ఓపిక పట్టాడు. "సార్, ఇగ రోడ్డు మీద లారీలను గూడ ఆపమంటరా ఏంది? పరేషాన్ గాకుండ్రి. గీ నూనె హీటర్ తీస్కపోండ్రి, సప్పుడే రాదు" అన్నాడు. నా రెండు వారాల పరిశోధన తేల్చింది కూడా, లోపల నూనె కాగే ఆ కరెంటు హీటరునే. అయినా అతను ముందు అనేసినందుకు నాకు కొంచెం కోపం వచ్చింది.

హీటరు నిజంగానే బంగారం. గది వెచ్చబడింది, పాప పడుకుంది, పక్కనే మా ఆవిడా కళ్లు మూసింది. అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? పాపని చూడ్డానికి ఎవరొచ్చినా గదిలోకి తీసుకెళ్లి హీటరు చూపించడం మొదలుపెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం పై వాటాలో ఉండే ఓనరు అన్న వచ్చాడు. ఆయన్నీ దాని ముందు కూర్చోబెట్టాను.

"ఏంది తమ్మీ, పాపను సూద్దామని వస్తే గీ డబ్బా ముంగట కూసోవెడ్తివి?"

"చెవి పెట్టండన్నా. ఏమైనా వినబడుతోందా?"

పాపం, పెద్దమనిషి వంగి చెవి పెట్టాడు. "ఏం ఇనవడ్తలేదు."

"అదీ! అదీ సంగతి!" అని చప్పట్లు కొట్టాను.

పాప కెవ్వుమంది. ఆ వారంలో అలా లేవడం అది అయిదోసారి. మా ఆవిడ లేచి కూర్చుని పాపని భుజాన వేసుకుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు, కళ్లనీళ్లు పెట్టుకుంది. "హీటరు ఏ చప్పుడూ చెయ్యట్లేదండీ. మీరే చేస్తున్నారు." ఓనరు అన్న నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. గుమ్మంలోంచి అత్తగారు కూతురితో అన్నారు, "ఆ డబ్బాని ఉండనీవే. ఆయన్ని వరండాలో పెట్టు."

పెట్టారు. ఆ చలికాలమంతా ఇంట్లో ఉన్నంతసేపూ నేను స్వెటరు, మంకీ క్యాపు వేసుకుని వరండాలో కూర్చున్నాను. లోపల తల్లీ పిల్లా హాయిగా నిద్రపోయారు. హీటరు గురించి చెప్పడానికి అక్కడ నాకు మనిషి దొరకలేదు. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది, పిడుగు పడ్డా లేవదు. వరండాలో ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చున్న ఆ మహా పండితుణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఒక్కసారి వెళ్లి అతని భుజం తట్టి, "ఒరే నాయనా, నోరు మూసుకుని లోపలికెళ్లి వాళ్ల పక్కన కూర్చోరా, వెచ్చగా ఉంటుంది" అని చెప్పాలనిపిస్తుంది.